మాట మధ్యలో ఆగిన దెయ్యం

సిడెన్‌హమ్‌లో రైలుకట్ట పక్క వీధి చివరి ఇంటికి ఆ చలికాలం చెడ్డపేరు వచ్చేసింది.

ఊరికే రాలేదు. సిడ్నీ విమానాశ్రయంలో కొత్త రన్‌వే వేశాక, విమానాలు ఆ వీధి ఇళ్ళ కప్పుల్ని గీరుతున్నట్టే దిగేవి. పెంకులు గలగలమనేవి. అలమారలో గ్లాసులు వాటంతటవే నడుచుకుంటూ అంచుకొచ్చేవి. చివరికి సర్కారు వీధికి ఒక పక్క ఇళ్ళన్నీ కొనేసింది. జనం మూటాముల్లె సర్దుకున్నారు. యంత్రాలొచ్చి ఒక్కో ఇంటినీ నేలమట్టం చేసుకుంటూ పోయాయి. మిగిలింది ఆ చివరిదొక్కటే... కిటికీలకు చెక్కలు కొట్టి, ముందు గడ్డి మోకాలెత్తు పెరిగిపోయి.

అది క్లారీ డగ్గన్ ఇల్లు. రైల్లో గార్డుగా చేసి రిటైరైన మనిషి. భార్య నొరీన్ ఆ ఇంట్లోనే, ముందు గదిలో, నిద్రలోనే కన్నుమూసింది. కొన్నాళ్ళకి క్లారీ కూడా పోయాడని వీధంతా అనుకున్నారు.

ఆ తర్వాతే మొదలైంది.

తలుపు కింద సన్నటి వెలుగు. ఎవరూ లేని వంటింట్లోంచి కెటిల్ ఈల. పేపర్లు వేసే అతనైతే ఒక తెల్లవారుజామున చెవులారా విన్నాడట — "నొరీన్... నొరీన్..." అని మగగొంతు. ఆ రోజు నుంచి అతను ఆ చివరికి సైకిలు తిప్పితే ఒట్టు.

ఎదుటి వరసలో అర్గిరో ఉండేది. సర్కారు గీసిన గీత సరిగ్గా ఆవిడ గేటు ముందు ఆగిపోయింది, అందుకని ఆవిడ ఇల్లు ఎవరూ కొనలేదు. గ్రీసు నుంచి పెళ్ళికూతురుగా ఓడెక్కి వచ్చింది. మొగుడు పోయి చాలాకాలం. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో పని. నోరు మాత్రం పెద్దది.

"నెత్తిమీద విమానాలకే భయపడలేదు, దెయ్యానికి భయపడతానా?" అనేది పగటిపూట. చీకటి పడగానే ఆ వైపు కర్టెన్ లాగేసేది.

ఒక సాయంత్రం బేకరీ సూలా రొట్టె చుడుతూ చెవిలో వేసింది.

"రేపు పొద్దున్నే యంత్రం వస్తోందట వదినా. ఆఖరి ఇల్లు కూడా హుష్ కాకి!"

అర్గిరో గుండె గతుక్కుమంది. ఇంటి కోసం కాదు. ఆ ఇంటి పెరట్లో ఎర్ర కమేలియా మొక్క ఉంది. నొరీన్ తన చేత్తో నాటింది. ఏటా మొదటి పువ్వు కోసి, వీధి దాటి తెచ్చి ఇచ్చేది. "నా తర్వాత దీన్ని నువ్వే చూసుకోవాలి," అని మాట తీసుకుంది కూడా.

"నాకు తోడు రావే సూలా, మొక్క తవ్వుకొచ్చేద్దాం."

"నేనా? నాకింకా బతకాలనుంది వదినా."

ఇక తప్పలేదు. అప్పటికే చీకటి పడింది. ఒక చేత్తో పార, ఒక చేత్తో టార్చిలైటు. ఇంటి పక్క సందులోంచి పెరట్లోకి దిగింది. గడ్డి తడిగా కాళ్ళకు చుట్టుకుంటోంది... ఎక్కడో రేకు కిర్రుమంది... మొక్క మొదట్లో పార దించబోయింది.

లోపల దగ్గు.

అర్గిరో టార్చి ఆర్పేసింది. వెనక తలుపు కింద వెలుగు — సన్నగా, వణుకుతూ.

"కెటిల్ పెట్టానే నొరీన్..." అంది గొంతు. అచ్చం క్లారీ గొంతు! "ఇవాళ రైల్లో ఏం జనం అనుకున్నావు... ఒక ముసలా—"

ఆగిపోయింది.

తలమీద విమానం. నేల అదిరింది, ఆకులు అదిరాయి, అర్గిరో పళ్ళు అదిరాయి. విమానం దాటిపోయింది.

"—విడ నా కాలు తొక్కి, తిరిగి నన్నే తిట్టింది."

అర్గిరో పారిపోదామనే అనుకుంది. కాళ్ళు కదల్లేదు. కదలని ఆ క్షణంలోనే బుర్ర కదిలింది.

విమానం వస్తే మాట ఆపడం, పోయాక ఆపినచోటే అందుకోవడం... వీధిలో అందరికీ ఉన్న అలవాటే. కానీ చచ్చినవాడికి విమానంతో ఏం పని? దెయ్యం ఎందుకు ఆగుతుంది?

భయం పోయి ఒళ్ళు మండింది. పారతో తలుపు దడదడా బాదింది.

"ఎవడ్రా అది? నొరీన్ ఇంట్లో దూరింది!"

లోపల కెటిల్ దభీమని పడింది. తలుపు తెరుచుకుంది. కొవ్వొత్తి పట్టుకుని, మేజోళ్ళతో, క్లారీ! ఇద్దరూ ఒకర్ని చూసి ఒకరు కెవ్వుమన్నారు.

"పనాయా! మేరీ తల్లీ! నువ్వు చచ్చిపోయావు కదయ్యా!"

"నేనా? ఎప్పుడు?"

"మాంసంకొట్టు డౌగీ చెప్పాడు! 'క్లారీ పోయాడు' అన్నాడు... అంతలో విమానం వచ్చింది. నేను సిలువ గీసుకుని ఏడుపు లంకించుకున్నాను. వాడి పెదాలు మాత్రం..." అర్గిరో నుదురు కొట్టుకుంది. "...ఇంకా కదుల్తూనే ఉన్నాయి."

"కూతురి దగ్గరికి, కొండల్లోకి పోయాడని అనుంటాడు," అన్నాడు క్లారీ నెమ్మదిగా.

"ఆదివారం ఆదివారం చర్చిలో నీ పేరున కొవ్వొత్తి పెడుతున్నానయ్యా!"

"అందుకేనేమో, ఈమధ్య నడుము నొప్పి తగ్గింది."

అర్గిరోకి నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి గడపమీదే కూలబడింది.

"కూతురు బంగారమే," అన్నాడు క్లారీ, పక్కన కూర్చుంటూ. "కానీ ఆ నిశ్శబ్దం ఉందే, ప్రాణం తీస్తుంది. రాత్రి పడుకుంటే నా గుండె నాకే వినబడుతుంది. ఎప్పుడాగుతుందా అని వింటూ కూర్చుంటాను. అందుకే పాత స్నేహితులతో పేకాటని చెప్పి ఇక్కడికొచ్చి పడుకుంటున్నాను..."

ఇంకో విమానం. కళ్ళు మూసుకుని, అది పోయేదాకా ఆగాడు.

"...నేనూ నొరీనూ మాట్లాడుకున్నదంతా వీటి మధ్య సందుల్లోనే కదమ్మా."

అర్గిరో ముక్కు చీదుకుంది. "రేపు ఈ ఇల్లు పడగొడుతున్నారు, తెలుసా?"

అతనికి తెలీదు. చేతిలో కొవ్వొత్తి కాస్త వంగింది.

"లే," అంది అర్గిరో. "నా వెనక గది ఖాళీ. విమానాలు నా కప్పు మీంచి ఇంకా కిందగా పోతాయి. వచ్చినప్పుడల్లా పడుకో. కానీ కూతురికి నిజం చెప్పాలి."

"జనం ఏమనుకుంటారు?"

"చచ్చావనే అనుకుంటున్నారు. అంతకన్నా ఏమనుకుంటారు? ముందు ఈ పార పట్టు."

ఇద్దరూ కలిసి కమేలియాని వేళ్ళు తెగకుండా తవ్వి తీసి, అర్గిరో పెరట్లో నాటారు. మర్నాడు ఇల్లు కూలుతుంటే గేటు దగ్గర నిలబడి చూశారు. నేల చదునయ్యాక క్లారీ టోపీ పెట్టుకుని, కూతురితో మాట్లాడాలంటూ కొండల రైలెక్కాడు. అంత పొద్దున్నే వీధిలో ఎవరూ లేక, అతను బతికున్న సంగతి అర్గిరోకి తప్ప ఎవరికీ తెలీలేదు.

కొన్ని వారాలు గడిచాయి. ఒక పొద్దున బేకరీలో సూలా మొహం పాలిపోయి ఉంది. అటూ ఇటూ చూసి, అర్గిరో చెయ్యి పట్టుకుంది.

"వదినా... చెప్తే భయపడకు. రాత్రి మీ ఇంటి పక్కగా వెళ్ళాను. మీ వెనక గదిలోంచి... అబ్బో, ఏం గురక! మనిషిది కాదు. ఆ ఇల్లు పోయింది కదా, దెయ్యం మీ ఇంటికొచ్చేసింది!"

"వచ్చింది," అంది అర్గిరో, రొట్టె సంచిలో వేసుకుంటూ. "పొద్దున్నే టీలో పంచదార చాల్లేదని సణిగి మరీ వెళ్ళింది."