బడి విడుపు చీటి

మా ఊరి బడిలో గురువులకు దణ్ణాల రోజు దీపాల పండగ మరునాడే వస్తుంది. ఎక్కడెక్కడో ఉన్న పాత పిల్లలు ఆ ఒక్క రోజుకీ వచ్చేస్తారు. రంగూన్ నుంచి బస్సులో, బ్యాంకాక్ నుంచి సెలవు దొరికితే విమానంలో, అవతలి లంకల నుంచి పడవలో. వచ్చి, తమకి చదువు చెప్పినవాళ్ళ ముందు నేల మీద మోకాళ్ళు మడిచి కూర్చుని మూడుసార్లు వంగి దణ్ణం పెడతారు. పొట్టలొచ్చిన మగాళ్ళు కూడా ఆ పూటకి చిన్నపిల్లలైపోతారు. నాకా రోజంటే ప్రాణం.

ఈ ఏడు అందర్నీ వెతికి పోగెయ్యడం నా వంతయింది. నేను ఎనిమిదో తరగతితో ఆగిపోయినదాన్ని. అయినా నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందనీ, ఊళ్ళో నాకు తెలియని గుమ్మం లేదనీ పాత విద్యార్థుల సంఘం వాళ్ళు నాకే అప్పజెప్పారు. చిన్నప్పట్నించీ కూరల్లో వేసుకునే రొయ్యలముద్ద అమ్ముకుంటూ తిరిగినదాన్ని, గుమ్మాలు తెలియకేం?

సంఘానికి అధ్యక్షుడు ప్యీ సోన్ అన్న. వాళ్ళకి ధాన్యం మిల్లు ఉంది. ఎనిమిదో తరగతి మూడేళ్ళు చదివాడు. “అందుకేగా మూడు బ్యాచులూ నా మాట వింటాయి” అంటాడు.

పండక్కి వారం ముందు మిల్లు అరుగు మీద కూర్చుని పాత హాజరు పట్టీలోంచి పేర్లు జాబితాలోకి ఎక్కిస్తున్నాను. వాన వెలిసి ఎండ కాస్తోంది. ఊక వాసన. ప్యీ సోన్ అన్న టీ చప్పరిస్తూ ఫోన్లో సంఘం గ్రూపు చూసుకుంటున్నాడు.

“ఏమే రొయ్యలముద్దా, ఎంతమంది దొరికారు?”

“ముప్పై ఎనిమిది మంది. మలేషియాలో ఉన్నతను ఫోనెత్తడు.”

“నీ గొంతు వింటే ముద్ద కొనమంటావని వాడి భయం. నేను చేస్తాలే. ఇదిగో, ఈసారి కొత్తగా చేద్దాం. దణ్ణాలయ్యాక ఆ పాత పట్టీ తీసి హాజరు పిలువు. ఒక్కొక్కళ్ళం లేచి ‘హాజర్ టీచర్’ అందాం. టీచర్లు కళ్ళనీళ్ళు పెట్టుకోవాలి. పేరున్న వాళ్ళెవర్నీ వదలకు.”

“ఎవర్నీనా?”

“ఎవర్నీ. నన్నయితే మూడుసార్లు పిలువు. ఒకసారి పట్టీకెక్కాక చచ్చేదాకా ఈ బడి పిల్లలమేనే మనం.”

“చచ్చాక?”

“చచ్చాక చీటి రాసి వదిలేస్తారుగా!” అని పకపకా నవ్వాడు.

నేను నవ్వలేదు. నా వేలు అప్పటికే ఆ పేరు మీద ఆగిపోయింది.

ల్విన్ మో. పేరు మీద ఎర్రసిరా గీత.

వాడు మూడో బల్ల. నేను వాడి ముందు బల్ల. పొద్దున్నే వీధులన్నీ తిరిగి ముద్ద అమ్మేసి వచ్చేసరికి నాకు రోజూ ఆలస్యమయ్యేది. పెద్ద టీచర్ డా ఓన్ క్యీ (‘డా’ అంటే మా వైపు ‘అమ్మగారు’) “సాన్ యీ” అని నా పేరు పిలిచేవేళకి వాడు గొంతు సన్నం చేసి, ఆడపిల్లలా, “హాజర్ టీచర్” అనేవాడు. టీచర్‌కి తెలుసు. పెదవి కొరుక్కుని, నవ్వు ఆపుకుని, హాజరు వేసేసేది. ఆ సన్నగొంతు కోసమే నేను కొన్నాళ్ళు కావాలని గుమ్మం బయట నిలబడేదాన్ని. వాడి గొంతులో నేనెలా ఉంటానో వినాలని.

ఆ వానాకాలం ఒకనాడు లెక్కలు చేసుకోవడానికి నా పెన్సిల్ అడిగాడు. కొన నేను కొరికేసిన పెన్సిల్. “ఛీ, ఎంగిలిదిచ్చావేంటే” అంటూనే తీసుకున్నాడు. “రేపిస్తా” అన్నాడు. సాయంత్రం ఏటిపాయ దాటుతుంటే వాడెక్కిన పడవ తిరగబడింది. మూడో రోజుకి గుర్రపుడెక్క కింద దొరికాడు.

మా దగ్గర ఒక ఆచారం ఉంది. బడి పట్టీలో పేరుండగానే పిల్లలెవరైనా పోతే పెద్ద టీచర్ చీటి రాస్తుంది. ఎర్రసిరాతో, తన సంతకంతో. “ఈ విద్యార్థిని నేటినుంచి బడినుంచి విడిచిపెట్టడమైనది. ఇక రానక్కర లేదు.” దాన్ని శవపేటికలో, పోయిన పిల్లల చేతికింద పెడతారు. పెట్టకపోతే మర్నాట్నించీ బడికొచ్చి కూర్చుంటారు పాపం, వాళ్ళకెలా తెలుస్తుంది?

ల్విన్ మో చీటి డా ఓన్ క్యీ టీచర్ నా చేతికిచ్చింది. “నీ వెనక బల్లేగా తల్లీ, నువ్వే పెట్టిరా” అంది.

నాకప్పుడు పదమూడేళ్ళు. ఇక రానక్కర లేదు అన్న మాట నాకు నచ్చలేదు. పేటిక దగ్గర వంగాను, చెయ్యి చాపాను, అందరూ చూశారు. చీటి మాత్రం నా రవికెలోనే ఉంది. ఇంటికి తెచ్చి బిస్కెట్ల డబ్బాలో దాచుకున్నాను. వాడి పేరున్న కాగితం నాకు ఇంకొకటి లేదు మరి.

పదేళ్ళలో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

*

దీపాల పండగ సాయంత్రం మా పాత ఎనిమిదో తరగతి గదిలో చాపలు పరచడానికి బడికి వెళ్ళాను. ఊరంతా కొవ్వొత్తులు వెలిగిస్తున్నారు. నేను బడి చేరేసరికి సన్నగా చినుకు మొదలైంది. కాసేపటికి కరెంటు పోయింది. పోతే పోయిందిలే, పండగపూట కొవ్వొత్తే అందం అనుకుని ఒకటి వెలిగించి టీచర్ బల్ల మీద పెట్టాను. గదిలో సుద్దముక్కల వాసన, చెమ్మగిల్లిన కర్ర వాసన. రేకుల మీద చినుకులు. దూరంగా పిల్లల టపాకాయలు. మనసు హాయిగా ఉంది.

చాపలు పరిచేశాక పట్టీ, ఎర్రకలం తీశాను. రేపు తడబడకూడదని హాజరు పిలిచి చూసుకుంటున్నాను. ఒక్కో పేరూ పిలిచి, ఆ బల్లకేసి చూసి, ఆ ముఖం గుర్తు తెచ్చుకుంటూ.

ఎర్రగీత దగ్గరికొచ్చాను.

పిలవకూడదనే అనుకున్నాను. కానీ పదేళ్ళయింది ఆ పేరు నోరారా అని.

“ల్విన్ మో.”

చినుకుల చప్పుడు ఆగిపోయింది. వాన ఆగలేదు. కిటికీ అవతల తీగలు తీగలుగా పడుతూనే ఉంది. చప్పుడే లేదు.

“హాజర్ టీచర్.”

మూడో బల్ల.

కొవ్వొత్తి వెలుగు అంతదూరం పోవడం లేదు. మొదట వాసన వచ్చింది... పాయ అడుగు బురద, కుళ్ళిన గుర్రపుడెక్క. తర్వాత టప్, టప్ అని బల్ల అంచు నుంచి నీళ్ళు కారుతున్న చప్పుడు. తర్వాత ఒంటికి అంటుకుపోయిన తెల్లచొక్కా. చిన్న చొక్కా.

“టీచర్... ఇంటికి పోవచ్చా?”

పట్టీని గుండెలకి అదుముకున్నాను.

“అందరూ పోయారు టీచర్. నేనొక్కణ్ణే ఉన్నా. గంట కొట్టరేం? బయటికెళ్తే... మళ్ళీ ఇక్కడికే వస్తున్నా.”

అప్పుడర్థమైంది. ముడేసుకున్న జుట్టు, చేతిలో పట్టీ, ఎర్రకలం. వాడు నన్ను గుర్తుపట్టలేదు. టీచర్ననుకుంటున్నాడు. నేను పెరిగిపోయాను. వాడికి మాత్రం ఇంకా పదమూడే.

“ఒరేయ్... నేనేరా” అనాలని ఎంత అనుకున్నానో. ఎన్ని రాత్రులు కలగన్నానో ఇలాంటి ఘడియని. తీరా వస్తే నా కాళ్ళు వెనక్కి నడుస్తున్నాయి.

“సాన్ యీ ఇంకా రాలేదు టీచర్,” అన్నాడు. “దాని పెన్సిల్ నా దగ్గరుంది.”

కొవ్వొత్తి ఆరిపోయింది. పరిగెత్తాను. వెనకనుంచి ఆ చిన్నగొంతు బతిమాలుతూనే ఉంది.

“అది వస్తుంది టీచర్... ఆబ్సెంట్ వెయ్యకండి...”

*

ఇంటికొచ్చి బిస్కెట్ల డబ్బా లాగాను. చీటి తీసుకెళ్ళి ఆ బల్ల మీద పెట్టేస్తే చాలు, వెళ్ళిపోతాడు. అదొక్కటే నా ఆలోచన. దాన్ని తీసి చూసుకోవడం మానేసి చాలా ఏళ్ళయింది. మూత తుప్పుపట్టి రాలేదు. కత్తితో తీశాను.

రెండేళ్ళ కిందట వరద ఇంట్లోకొచ్చి డబ్బా మునిగింది. మూత గట్టిదే, లోపలికి నీళ్ళు పోవనుకున్నాను. పోయాయి. మడత విప్పితే కాగితం తెల్లగా ఉంది. పేరు లేదు, సంతకం లేదు. మధ్యలో గులాబీరంగు మరక. వాడి చీటి కూడా మునిగిపోయింది.

ఎవరి పట్టీలో పేరుందో ఆ టీచరే చీటి రాయాలి. ఇంకొకటి రాయగలిగినది డా ఓన్ క్యీ టీచర్ ఒక్కతే. ఆమె మతి పోయి మూడేళ్ళయింది.

మర్నాడు పొద్దున గది నిండా జనం. మొహింగా చేపల పులుసు ఆవిర్లు, పిల్లల ఏడుపులు, ఏళ్ళ తర్వాత కలిసినవాళ్ళ కేకలు. టీచర్లు వరసగా కుర్చీల్లో కూర్చున్నారు. చివరి కుర్చీలో డా ఓన్ క్యీ టీచర్, ఎండిన ఆకులా. పక్కన ఆమె మేనకోడలు పట్టుకుని ఉంది. నేను పట్టీ, ఎర్రకలం పట్టుకుని, మూడో బల్ల వైపు చూడకుండా గోడకి ఆనుకుని నిలబడ్డాను.

ప్యీ సోన్ అన్న మైకు పట్టుకున్నాడు.

“సాన్ యీ! ఎక్కడ చచ్చావే సాన్ యీ? రొయ్యలముద్ద సాన్ యీ! రా, పెద్ద టీచర్ దగ్గర నీ వంతు!”

అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్యలో మూడో బల్ల కిర్రుమంది. ఎవరో గబుక్కున లేచినట్టు.

వెళ్ళి టీచర్ పాదాల ముందు కూర్చున్నాను. కానుకగా తెచ్చిన పాలడబ్బా, తువ్వాలు పెట్టి మూడుసార్లు వంగాను. దణ్ణం పెట్టేటప్పుడు అందరం చెప్పే మాటే చెప్పాను. “ఒంటితో, మాటతో, మనసుతో చేసిన తప్పులు మన్నించండి టీచర్.” తర్వాత తల ఎత్తకుండా, గుసగుసగా, “ల్విన్ మో చీటి నేను పెట్టలేదు టీచర్. దాచుకున్నాను” అన్నాను.

నా తల మీద పెట్టబోతున్న చెయ్యి ఆగింది.

“అందుకా,” అంది టీచర్ నెమ్మదిగా. “ఆ పిల్లాడు నీ వెనక తడిబట్టలతో నిలబడ్డాడు. ఆ తువ్వాలు వాడికివ్వండే ఎవరైనా.”

మేనకోడలు నవ్వింది. “పొద్దున్నించీ ఇంతేనమ్మా. ఏవేవో అంటోంది. ఏమనుకోకు.”

నా మెడ మీద చల్లగా ఒక చుక్క పడింది. వెనక్కి తిరగలేదు. తిరగలేను. పట్టీలోంచి కాగితం చింపి, ఎర్రకలం తీసి టీచర్ ఒళ్ళో పెట్టాను.

“ఇంకొకటి రాయండి టీచర్... మీ కాళ్ళు పట్టుకుంటా.”

కలం తగలగానే ఆ వేళ్ళకి వణుకు పోయింది. మనసు మరిచినా చెయ్యి మరవలేదు. కళ్ళు కూడా తేటపడ్డాయి. ఎప్పట్లాగే, తల ఎత్తకుండా అడిగింది.

“పేరు?”

నేను నోరు తెరిచాను.

నా కంటే ముందే, నా భుజం వెనకనుంచి, సన్నం చేసిన గొంతు... ఆడపిల్లలా...

“సాన్ యీ, టీచర్.”

టీచర్ పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకుంది. రాయడం మొదలుపెట్టింది.

ఒక్కో అక్షరం నా కళ్ళముందే ఎర్రగా లేచింది. ఆపాలి. ఆ చెయ్యి పట్టుకోవాలి. జోడించిన నా చేతులు విడిపోలేదు. మడిచిన మోకాళ్ళు లేవలేదు. ఇక రానక్కర లేదు... అని రాసి, సంతకం పెట్టి, మడిచి నా అరచేతుల మధ్య దూర్చింది.

“జాగ్రత్తగా పో తల్లీ.”

“టీచర్, ఇది కాదు... ఇది నా పేరు... ఇంకొకటి...”

కలం ఆమె వేళ్ళలోంచి జారి దొర్లింది. కళ్ళ మీద మళ్ళీ పొగ కమ్మింది.

“ఎవరమ్మాయివే నువ్వు? అన్నం తిన్నావా?”

అంతే. ఆ తర్వాత ఎంత బతిమాలినా ఆమె కలం పట్టుకోలేదు.

తలనొప్పి అని చెబితే హాజరు ప్యీ సోన్ అన్నే పిలిచాడు. ఎర్రగీత దగ్గర ఒక్క క్షణం ఆగి, గొంతు సవరించుకుని దాటేశాడు. నేను ధైర్యం చేసి మూడో బల్ల వైపు చూశాను. ఎవరూ లేరు. బల్ల పొడిగా ఉంది. బురద వాసన కూడా లేదు.

ఇంటికి నడుస్తుంటే మాత్రం ఆ వాసన వెంట వచ్చింది, దారి పొడుగునా.

*

ఆ చీటిని ఏం చెయ్యాలో తెలియలేదు. కాలిస్తే పోయినవాళ్ళకి అందినట్టే నాకూ అందినట్టవుతుందేమోనని భయం. పాయలో పడెయ్యలేను, అది వాడు మునిగిన చోటు. బతికున్న మనిషికి అలాంటి చీటి ఎవరూ రాయరు, మా ఊళ్ళో ఎన్నడూ వినలేదు. రాసేశారు కనక, నేను పోయిన రోజున నా చేతికింద పెట్టడానికి ఉండాలి. ఇంకొకటి రాసేవాళ్ళు లేరు. అది లేకపోతే నేనూ ఆ గదిలో... గంట కోసం...

అందుకే అదే డబ్బాలో పెట్టాను. తాడుతో నాలుగు చుట్లు కట్టి, ముడి మీద ముడి వేసి, తల కింద పెట్టుకుని పడుకున్నాను.

తెల్లారి లేచి చూశాను. తాడు నేను కట్టినట్టే ఉంది. ముడులు నేను వేసినట్టే ఉన్నాయి. విప్పి మూత తీశాను.

అడుగున వేలెడు లోతు బురదనీళ్ళు. అందులో ఒక పొట్టి పెన్సిల్. కొన మీద నా పంటిగాట్లు.

చీటి లేదు.