ముగింపు ముందే చెప్పే అబ్బాయి

“పోస్టర్లో ఉన్న ఆ పిల్ల బతుకుతుందా, లేదా? ముందు అది చెప్పరా,” అన్నాను మా వాడితో. అప్పటికింకా తెర మీద సినిమా పేరు కూడా పడలేదు.

“బతుకుతుందమ్మా. ఫోన్‌లో చదివాను. మేడ మీద గదిలో దాక్కుంటుంది, చివర్లో పోలీసులొస్తారు,” అన్నాడు నా చెవిలో. గుసగుసే అనుకున్నాడు గానీ, ముందు వరసదాకా వినపడింది.

వెంటనే మా ముఖాల మీద టార్చిలైటు పడింది.

“ఎవరండీ ముగింపు చెప్పింది?”

పోలీసులు ఇప్పుడే వచ్చేశారేమో అనుకున్నాను. చూస్తే ఒక అమ్మాయి. జుట్టు ముడేసి, ఆ ముడిలో పెన్ను గుచ్చుకుంది.

లైబ్రరీ మేడ మీద హాల్లో ప్రతి శనివారం సాయంత్రం పాత సస్పెన్స్ సినిమాలు వేస్తారు, అలాంటివి ఎన్నడూ చూడనివాళ్ళ కోసం. ఏ సినిమా వెయ్యాలో ఎంచడం నుంచి కుర్చీలు సర్దడం దాకా అన్నీ ఆ అమ్మాయే చూసుకుంటుంది. మా వాడు లిఫ్టు మెకానిక్. ఆ భవనంలో లిఫ్టు బాగుచేస్తే రెండు పాసులిచ్చారు. వాణ్ణి ఒక్కణ్ణే చీకటి హాల్లోకి పంపడానికి మనసొప్పక నేనూ వెంట వచ్చాను.

“మా అమ్మకి భయమండీ, అందుకని చెప్పాను,” అన్నాడు వాడు.

“భయపడడానికేగా వచ్చారు?”

“భయపడడానికి మా అమ్మకి సినిమా దాకా ఎందుకండీ? కుక్కర్ కూత చాలు.”

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. పెదవి కొరుక్కుని టార్చి ఆర్పేసింది.

“సరే ఆంటీ, ముగింపు తెలిసిపోయింది కదా. ఇక హాయిగా చూడండి.”

హాయి ఎక్కడిది? పిల్ల బతుకుతుందని తెలుసు. అయినా మెట్ల మీద అడుగుల చప్పుడు వినగానే మా వాడి చేతిలో నా గోళ్ళు దిగాయి. లైట్లు వెలిగాక ఆ అమ్మాయి వచ్చి, “భయం తగ్గిందా?” అని అడిగింది.

“ఎక్కడ తగ్గిందమ్మా! తెలిసి కూడా పైప్రాణాలు పైకే పోయాయి.”

“అందుకే కొత్తవాళ్ళకి ముందు ఇలాంటిదే చూపిస్తాను. హంతకుడెవరో మొదట్లోనే చెప్పేస్తారు. ఎప్పుడొస్తాడా అన్నదే మన భయం. అది అలవాటయ్యాక, ఎవరో తెలియని కథ. ఆ తర్వాత, అసలు హంతకుడంటూ ఉన్నాడో లేడో కూడా తెలియని కథ.” మా వాడి వైపు తిరిగింది. “మీరు మాత్రం ముగింపు చదవకుండా ఒక్క సినిమా కూడా చూడలేరు.”

“చూస్తాను.”

వాడు ‘చూస్తాను’ అంటే నాకు హడలు. చిన్నప్పుడు ఇలాగే ‘దూకుతాను’ అని గోడెక్కి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు.

మరుసటి శనివారం ఫోన్ ఇంట్లోనే వదిలేసి వచ్చాడు. సగంలో లేచి తలుపు దగ్గరికి పరుగెత్తాడు. అక్కడ ఆ అమ్మాయి ఉంది.

“ఓడిపోయారా?”

“నీళ్ళు తాగుదామని.”

“తాగి రండి. తలుపు తీసే ఉంచుతాను.”

వాడు తాగి వచ్చాడు. చేతులు తొడల కింద పెట్టుకుని చివరిదాకా కూర్చున్నాడు. అప్పట్నుంచి ఒక్క శనివారం కూడా మానలేదు. ఇంట్లో ఆ అమ్మాయికి ‘టార్చి’ అని పేరు పెట్టాడు. టార్చి ఇలా అంది, టార్చి అలా నవ్వింది, ఇదే గోల.

ఒకసారి జోరున వాన కురిసి హాల్లో సగం కుర్చీలు ఖాళీగా ఉండిపోయాయి. ఆ అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది. “మీ అబ్బాయి తెర వైపు చూడడం లేదు ఆంటీ,” అంది మెల్లగా.

“మరెటు చూస్తున్నాడు?”

తెర వెలుగులో ఆ అమ్మాయి చెంపలు ఎర్రబడడం కనిపించింది.

అంతలోనే పిడుగులాంటి కబురు. వేరే ఊళ్ళో పెద్ద థియేటర్లో ఇదే పనికి టార్చిని రమ్మన్నారు. నెలాఖరుకి ప్రయాణం.

“వెళ్ళేలోపు అడుగుతానమ్మా, నన్ను పెళ్ళి చేసుకోమని,” అన్నాడు మా వాడు.

“కాదంటే ఏమైపోతావురా?”

“ఏమీ అవను. నువ్వు మాత్రం మధ్యలో వేలు పెట్టకు.”

నాకు కూడు సయించలేదు, నిద్ర పట్టలేదు. కాదంటుందని ముందే తెలిస్తే వాణ్ణి ఎలాగోలా ఆపవచ్చు కదా! గురువారం పగలు లైబ్రరీకి వెళ్ళాను. ఆ అమ్మాయి ప్రొజెక్టర్ అద్దం తుడుస్తోంది.

“మా వాడు నిన్ను పెళ్ళి మాట అడిగితే ఏమంటావమ్మా?”

ఆ ముఖంలో వెలుగు చప్పున ఆరిపోయింది. “ఆయన పంపించారా?”

“అయ్యో, వాడికి తెలియదమ్మా!”

“ముగింపు తెలుసుకుంటే తప్ప అడుగు ముందుకి వెయ్యరన్నమాట. మారారనుకున్నాను ఆంటీ.” మళ్ళీ తల ఎత్తలేదు.

శనివారం మా వైపు టార్చి కూడా వెయ్యలేదు. మా వాడు అయోమయంగా చూస్తున్నాడు. ఇంటర్వెల్‌లో నేను గుండె దిటవు చేసుకున్నాను. వాడు తిట్టినా సరే, చెప్పకుండా ఈ హాలు దాటకూడదు.

“ఒరేయ్, మొన్న నేనే ఇక్కడికొచ్చి నీ పెళ్ళి మాట అడిగాను. నువ్వే పంపావనుకుంది.”

వాడు కోప్పడలేదు. పళ్ళు బిగించి, “సినిమా అవనీ,” అన్నాడు.

జనం వెళ్ళిపోయారు. ఆ అమ్మాయి కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది. మా వాడు వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

“అమ్మ వచ్చిన సంగతి నాకు ఇందాకే తెలిసింది.”

“జవాబు కూడా తెలుసుకున్నారా?”

“లేదు. తెలియకుండానే అడుగుతున్నాను. నన్ను పెళ్ళి చేసుకుంటారా? ఆ ఉద్యోగం మానొద్దు, వెళ్ళండి. నేనే అక్కడికి వస్తాను. లిఫ్టులు ఆ ఊళ్ళోనూ చెడిపోతాయి.”

వాడు ఊరు వదులుతానన్న మాట నేనూ అప్పుడే వినడం.

ఆ అమ్మాయి ఒక కుర్చీ పేర్చింది. ఇంకోటి పేర్చింది. పైన ఫ్యాను కిర్రుమంటోంది. మూడోది చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కాదనడానికి మాటలు వెతుక్కుంటోందేమో. వీడు పని మీద ధ్యాస లేక ఏ లిఫ్టు గోతిలోనో పడతాడేమో. ‘ఏదో ఒకటి చెప్పు తల్లీ’ అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. మా వాడు తల తిప్పలేదు, వెనక్కి అడుగు వెయ్యలేదు.

ఆ అమ్మాయి చేతిలో కుర్చీ కింద పెట్టింది.

“రేపు ఇద్దరూ మా ఇంటికి రండి,” అంది చివరికి. “చేసుకుంటే మిమ్మల్నే చేసుకుంటానని మా నాన్నకి నేనే చెప్తాను. మీరు మాత్రం లిఫ్టుల మాటెత్తకండి. ఒకసారి అందులో ఇరుక్కున్నప్పట్నుంచీ నాన్న ఏడో అంతస్తుకైనా మెట్లెక్కే వెళ్తారు.”