అయస్కాంతానికి అంటిన తీగ

మా ఏజెంట్ వేషం కట్టాడంటే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. కావాలంటే రాసిపెట్టుకోండి.

ఆ ఉదయం చీఫ్ అతని ముందు ఒక ఫోటో పడేశాడు.

"కొత్త క్రయోజెనిక్ ట్యాంక్. ద్రవ గ్యాస్ నిలవకి. లోపల మైనస్ నూట అరవై రెండు డిగ్రీలు."

"అంత చలికి ఉక్కు ఆగుతుందా సార్?"

"మామూలు ఉక్కయితే గాజులా పగులుతుంది. అందుకే నికెల్ ఉక్కు. రేకుల్ని లేజర్‌తో, నికెల్ తీగ కరిగించి అతికారు. ఆ తీగని పరాయి ముఠా మార్చేసిందని కబురు. పదకొండుకి గ్యాస్ వదులుతారు. రుజువు లేనిదే ఆపరు."

"వాల్వ్ దగ్గర డ్యూటీ ఎవరిది?"

"మీ అక్కది."

ఏజెంట్ అప్పటికే గుమ్మం దాటాడు.

పదిన్నరకల్లా వెల్డర్ వేషంలో షెడ్‌లో దిగాడు. మసి చొక్కా, తోలు గ్లౌజులు, నెత్తిన నల్లద్దాల హెల్మెట్. తీరా చూస్తే అక్కడ వెల్డింగ్ చేసేది అద్దాల గదిలోని రోబో చెయ్యి! మనుషులంతా తెల్లకోట్లు, ఆకుపచ్చ కళ్ళజోళ్ళు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టయింది మనవాడి పని. కన్నతల్లి దాకా ఎందుకు, ఊడ్చే ముసలాయనే పట్టేశాడు.

"ఏం బాబూ, మ్యూజియం నుంచా?"

"చలిగా ఉందా?" అంది వెనకనుంచి తేనెలాంటి గొంతు. కోడ్ వర్డ్!

"నూట అరవై రెండే."

ఎక్స్‌రే ఇన్‌స్పెక్టర్. ఎర్రటి పెదవులు, ఎత్తుమడమల చెప్పులు. అక్కడ పెట్టిన మన మనిషి. ఫిల్ములు వెలుతురుకి పట్టి చూపించింది.

"అతుకుల్లో ఒక్క పగులు లేదు. నిశ్చింతగా వెళ్ళండి."

పగులు లేదు సరే, తీగ ఏ లోహమో ఎక్స్‌రే చెప్పదుగా! ఏజెంట్ చొక్కా గుండీ పీకాడు. అది అయస్కాంతం. రోబో పక్కన మిగిలిన తీగచుట్ట కొసకి చూపించాడు. నికెల్‌లో క్రోమియం కలిపిన అసలు తీగైతే అంటదు. ఇది టక్కున అంటుకుంది, అంటే మామూలు ఉక్కు తీగే!

"చుట్ట మీద 'పాస్' అని సంతకం మీదే కదండీ?"

"చేతులెత్తు," అంది. చేతిలో పిస్తోలు. మన మనిషిగా ఉంటూనే ముఠాకి పనిచేస్తోందన్నమాట.

ఎత్తాడు. ఎత్తిన చేతులకి హెల్మెట్ తగిలింది. లాగి ఆమె తలమీద బోర్లించాడు. వెల్డింగ్ మంట తప్ప మరేదీ కనిపించని అద్దం అది. పట్టపగలే ఆమెకి కటిక చీకటి. గుండు కప్పులోకి పోయింది. ఏజెంట్ పిస్తోలు లాక్కుని ఇంటర్‌కమ్ అందుకున్నాడు.

"అక్కా! వాల్వ్ తిప్పకు!"

"డ్యూటీలో అక్కేమిట్రా? మేడమ్ అను."

"మేడమూ, నీ కాళ్ళకి దండం! తీగ నకిలీది. తిప్పావో, ముందు పోయేది నువ్వే!"

పదకొండుకి మూడు సెకన్లు. అక్క వాల్వ్ మీది చెయ్యి తీసేసింది.

"ఏరా, ఏడుస్తున్నావా?"

"జలుబు."

అంతా జరిగింది జరిగినట్టే చెప్పాను, ఆ మూడు సెకన్లు తప్ప. అంత ట్యాంకుని ఒక్క గుక్కలో నింపరు. గంటకి నాలుగైదు డిగ్రీల చొప్పున రెండు రోజులు చల్లబరుస్తారు. మనవాడు భోంచేసి, ఓ కునుకు తీసి, అప్పుడు తీరిగ్గా పిలిచినా అక్కకి ఏమీ అయ్యేది కాదు. కానీ కునుకు తీసే గూఢచారి కథ మీరు చదువుతారా, చెప్పండి?