వహీబా మునిగిపోని గురువారం

"ఎవరు దగ్గమన్నారు నిన్ను?"

స్టూడియో తలుపు ధడాలున తెరుచుకుంది. గుమ్మంలో ఇగ్లాల్. చేతిలో స్క్రిప్టు చుట్టచుట్టి ఉంది. దాంతో కొడుతుందేమోనని రుష్దీ ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ అడుగు కాస్తా వెళ్లి నీళ్ల తొట్టిలో పడింది.

"అది... సముద్రం," అన్నాడు, తడిసిన బూటు వంక చూసుకుంటూ.

"సముద్రం దగ్గుతుందా?"

"సముద్రం కాదు ఆనిసా, వహీబా దగ్గింది." పెళ్లికాని ఆడవాళ్లని అక్కడ మర్యాదగా 'ఆనిసా' అనే పిలుస్తారు.

"వహీబా చచ్చిపోయింది! నేను చంపాను! కాగితం మీద శుభ్రంగా రాసిచ్చాను. 'పెద్ద అల. నిశ్శబ్దం. సమాప్తం.' ఇందులో దగ్గెక్కడుంది? చూపించు!"

చుట్ట విప్పి అతని ముక్కు కింద పెట్టింది. కోపంలో ఆమె కనుబొమలు రెండూ కలిసిపోయి ఒకే గీత అవుతాయి. ఆ గీత చూడటం కోసమైనా అప్పుడప్పుడు తప్పు చేయాలనిపిస్తుంది రుష్దీకి. ఇవాళ చేసింది మాత్రం అప్పుడప్పుడు చేసే రకం తప్పు కాదు.

అలెగ్జాండ్రియాలో ఆ చలికాలం గురువారం సాయంత్రమైతే చాలు, చేపల బజారులో బేరాలు ఆగిపోయేవి. క్షవరశాలల్లో సగం గీసిన గడ్డాలతో మనుషులు అలాగే కూర్చుండిపోయేవారు. రేడియోలో వహీబా వస్తుంది కదా. వహీబా ఒక పత్తి కూలీ కూతురు. భూకంపంలో ఇల్లు పోయింది, పత్తి గోదాము తగలబడితే అందులోంచి పాక్కుంటూ బయటపడింది, చేయని దొంగతనానికి జైలుకెళ్లి వచ్చింది. రాసేది ఇగ్లాల్. శబ్దాలు చేసేది రుష్దీ. జల్లెడలో కందిపప్పు పోసి తిప్పితే వాన, రేకు ఊపితే ఉరుము, తొట్టిలో రెండు చేతులూ ముంచి తోస్తే అల. అంతా లైవ్. ఒకసారి గాలిలోకి వెళ్లిందంటే ఇక వెనక్కి రాదు.

ఆ సాయంత్రం వహీబా మునిగిపోవాలి. రుష్దీ అల వేశాడు. తర్వాత నిశ్శబ్దం ఉండాలి. ఆ నిశ్శబ్దంలో ఏమైందో అతనికే తెలియదు. మైకు దగ్గరికి వంగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నీళ్లు కక్కుకున్న మనిషిలా సన్నగా దగ్గాడు. ఆ వెంటనే గుండెల నిండా ఒక శ్వాస లాగాడు. అప్పుడే, ప్రసారం అయిపోయినట్టు, ఎర్రదీపం ఆరింది.

"ఫోన్లు ఆగట్లేదు!" డైరెక్టర్ లబీబ్ గారు రొప్పుతూ వచ్చారు. "బతికిందా, లేదా అని ప్రాణం తీస్తున్నారు. బతికిందనే చెప్పేశాను. ఇగ్లాల్, వచ్చే గురువారానికి ఇంకో భాగం కావాలి."

"ఉస్తాద్! వచ్చే నెల నేను కైరో వెళ్లిపోతున్నాను. టెలివిజన్ వాళ్లతో మాటైపోయింది. మీకు తెలుసు కదా!"

"నువ్వు వెళ్లమ్మా, ఎవరు వద్దన్నారు? దాన్ని నీళ్లలోంచి తీసి ఒడ్డున పడేసి వెళ్లు."

రుష్దీకి తెలియదు. కైరో సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. తొట్టిలోంచి కాలు తీసుకోవడం కూడా మరిచిపోయి అలాగే నిలబడ్డాడు.

వహీబా గొంతు కరీమాన్ గారిది. అరవై ఏళ్ల భారీ మనిషి, గొంతు మాత్రం ఇరవై దాటలేదు. శాలువా సర్దుకుంటూ రుష్దీ పక్కనుంచి పోతూ, చెవి దగ్గర ఆగింది.

"అబ్బాయ్, ఆ దగ్గు వహీబాని బతికించడానికా, రాసే పిల్లని ఆపడానికా?"

"కైరో గురించి నాకు తెలియనే తెలియదండీ! అల్లా మీద ఒట్టు."

"నీకు తెలియకపోవచ్చు. నీ దగ్గుకి తెలుసేమో," అంటూ నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

* * *

మర్నాడు సముద్రం ఒడ్డున కాఫీ దుకాణంలో ఇగ్లాల్ అతని కోసం కాచుక్కూర్చుంది. తుఫాను రోజులు. అల లేచినప్పుడల్లా రోడ్డు మీదికి నురగ వచ్చి పడుతోంది. అద్దాల మీద వాన కారుతూ, అటు పోయే మనుషులందరినీ కలలోని మనుషుల్లా చేసేస్తోంది.

"కూర్చో," అంది. "బతికించింది నువ్వు. ఎలా బయటపడిందో కూడా నువ్వే చెప్పు. చెక్క దొరికిందా? ఓడ వచ్చిందా?"

"నాకు కథలు రావు, ఆనిసా."

"మరి దగ్గులెలా వచ్చాయి?"

వేడి సహ్లబ్ గ్లాసులు రెండు తెచ్చి పెట్టారు. పాల మీద దాల్చిన చెక్క పొడి. రుష్దీ గ్లాసుని అరచేతుల మధ్య పట్టుకున్నాడు.

"ఒకటి అడగనా? కోప్పడకూడదు."

"అది నువ్వు అడిగేదాన్ని బట్టి."

"ఎందుకు చంపాలనుకున్నారు? కైరో బండికి టైమైపోయిందనా? భూకంపానికి బతికింది, మంటలకి బతికింది. పోయి పోయి అర నిమిషం అలకి చావాలా?"

కనుబొమలు కలుస్తాయని చూశాడు. కలవలేదు. ఇగ్లాల్ కిటికీ వైపు తిరిగింది.

"నాకు ఉంగరం తొడిగిన సంగతి తెలుసా నీకు?"

"విన్నాను."

"ఏడాదికి వెనక్కి తీసుకున్నారు. రేడియోకి రాసే పిల్ల తమ ఇంటికి కుదరదన్నారు. వీధిలో అందరూ 'అయ్యో పాపం' అనేవాళ్లు. ఆ మాట వినలేక ఇంట్లో కూర్చుని వహీబాని మొదలుపెట్టాను. నాకు బాధేసిన ప్రతిసారీ దానికో కష్టం ఇచ్చేదాన్ని. అది ఓర్చుకునేది. అది ఓర్చుకుంటే నేనూ ఓర్చుకోగలననిపించేది." గ్లాసులో చెంచా తిప్పింది. "జనం దాని గుండెధైర్యాన్ని తెగ పొగిడారు. ఒక్కళ్లయినా అలిసిపోయావా తల్లీ అని అడిగారా? నాకే విసుగొచ్చింది రుష్దీ. ఇంకా ఎంతకని లేస్తుంది? ఇక లేవక్కర్లేదు, పడుకో అని చెప్పాలనిపించింది. పడుకోబెట్టడానికి నాకు సముద్రం తప్ప ఇంకో చోటు తోచలేదు."

బయట అల ఒకటి విరిగిపడింది. ఆ చప్పుడు తన తొట్టి చేయలేనిదని రుష్దీ మొదటిసారి ఒప్పుకున్నాడు, మనసులో.

"నాకు శబ్దాలే తెలుసు," అన్నాడు మెల్లగా. "ఇన్నాళ్లూ మీరు రాసిందానికి నేను చేసిన శబ్దాలన్నీ ఒకసారి తలుచుకుంటే... ఉరుములు, మంటలు, తాళాలు, తలుపులు విరగడం. ఒక్కసారి కూడా చేప వేగే చప్పుడు రాయలేదు మీరు. ఆ పిల్లకి ఒక్క పూటైనా కడుపునిండా తిండి పెట్టలేదు. ఒక్క రాత్రి కూడా నిద్రపోనివ్వలేదు."

ఇగ్లాల్ చెంచా ఆగింది.

"బతకడమంటే మళ్లీ లేచి పరిగెత్తడమేనా? కాస్త కూర్చోవడం కూడా కాదూ?" అని, తానే ఎక్కువ మాట్లాడేశానేమోనని గాభరాపడి, "అంటే... ఊరికే అన్నాను," అన్నాడు.

ఇగ్లాల్ అతన్ని చూస్తూనే ఉంది. అలా ఎంతసేపు చూసిందంటే రుష్దీ నీళ్లనుకుని సహ్లబ్ గ్లాసు ఎత్తి గడగడా తాగేశాడు.

"మూతికి దాల్చిన చెక్క పొడి అంటుకుంది," అంది ఆమె. "కథలు రావన్నావుగా? అబద్ధాలకోరు."

ఆ వారమంతా సాయంత్రాలు అక్కడే గడిచాయి. వహీబాని ఒక ముసలి జాలరి ఒడ్డుకి చేర్చాలని ఇగ్లాల్ అంది. ముసలివాడెందుకు, కుర్రవాడైతే పడవ గట్టిగా లాగుతాడు కదా అన్నాడు రుష్దీ. "ఓహో, అలాగా?" అని ఆమె నవ్వింది. ఆ నవ్వు ఏ సామానుతో చేయాలో అతనికి ఎంత ఆలోచించినా తట్టలేదు. మాటల మధ్యలో కైరో పేరు మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. ఎత్తితే వాన వెలిసిపోతుందన్నట్టు.

* * *

గురువారం వచ్చింది. కొత్త స్క్రిప్టు చదివి లబీబ్ గారు తల పట్టుకున్నారు.

"ఇందులో ఏం జరుగుతుందమ్మా?"

"ఏమీ జరగదు, ఉస్తాద్. వహీబా చేప తింటుంది. నవ్వుతుంది. నిద్రపోతుంది."

"ఇంత ఊరూ రేడియో ముందు కూర్చునేది ఇది నిద్రపోతుంటే వినడానికా?"

"అవును."

ఆ గొడవ తేలకముందే ఇంకో గొడవ వచ్చింది. వానకి ట్రాము పట్టాలు మునిగిపోయాయి. జాలరి వేషం వేయాల్సిన నటుడు ఎక్కడో ఇరుక్కుపోయాడు. లబీబ్ గారు చుట్టూ చూశారు. గదిలో మిగిలిన మగగొంతు ఒక్కటే, అది జల్లెడ పట్టుకుని నిలబడి ఉంది.

"ఒరేయ్ రుష్దీ, మైకు ముందుకి రా."

"నేనా? ఉస్తాద్, నేను మాట్లాడితే మా అమ్మే వినదు!"

"దగ్గడానికి సిగ్గులేదు, మాట్లాడ్డానికి వచ్చిందా? రా!"

ఎర్రదీపం వెలిగింది. ఒక చేత్తో కాగితం నలుపుతూ చేప వేయించాడు, ఇంకో చేత్తో స్క్రిప్టు పట్టుకుని జాలరి మాటలు చదివాడు. మొదట్లో గొంతు వణికింది. ఆ వణుకే జాలరికి సరిపోయింది. వహీబా ఆవురావురుమంటూ తింది. ముల్లు గుచ్చుకుని తిట్టింది. జాలరి వెక్కిరించాడు. వహీబా నవ్వింది, ఇన్ని వారాల్లో మొదటిసారి. కరీమాన్ గారి గొంతులోంచి ఆ నవ్వు వస్తుంటే లబీబ్ గారు కుర్చీలో ముందుకి జరిగి కూర్చున్నారు.

వహీబా నిద్రపోయింది. రుష్దీ తొట్టిలో నీళ్లని మునివేళ్లతో ఊరికే తాకుతూ ఉన్నాడు. తీరం మీద చిన్న చిన్న అలలు. ఎంతోసేపు అంతే. తెల్లవారింది. వహీబా లేచింది.

చివరి పేజీ అతని దగ్గర లేదు. కంగారుగా తలెత్తాడు. ఇగ్లాల్ చప్పుడు కాకుండా లోపలికి వచ్చి ఆ పేజీ అతని ముందు పెట్టి, మళ్లీ స్టూడియో అద్దం అవతలికి వెళ్లి నిలబడింది.

కరీమాన్ గారు చదివింది: "రేవులో రాజధానికి పోయే పడవ ఉంది. నన్ను రమ్మంటున్నారు. నువ్వే చెప్పు, వెళ్లనా? ఉండిపోనా?"

రుష్దీ తన మాట కోసం కాగితం చూశాడు. 'జాలరి:' అని ఉంది. పక్కన ఖాళీ.

అద్దం అవతల ఇగ్లాల్ రెండు చేతులూ గట్టిగా కట్టుకుని ఉంది. రేడియోలో ఊరంతా నిశ్శబ్దం వింటోంది. ఉండిపొమ్మని చెప్పడం ఎంత సులువు! నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఉండిపొమ్మనీ, ఇంట్లో కూర్చోమనీ, రాయొద్దనీ చెప్పినవాళ్లు ఆమెకి ఇదివరకే ఉన్నారు.

"వెళ్లు," అన్నాడు. గొంతు ఇప్పుడు వణకలేదు. "నీకు వెళ్లాలనుంటే తప్పకుండా వెళ్లు. ఒక్కటే అడుగుతాను. ఆ పడవలో నీ పక్కన ఇంకో మనిషికి చోటుందా? సామానేం లేదు. చేతులున్నాయి. ఎక్కడైనా పని చేసుకుంటాను."

కరీమాన్ గారి కాగితంలోనూ తర్వాత ఏమీ లేదు. ఆవిడ తాపీగా అద్దం వైపు తిరిగి కనుబొమ ఎగరేసింది. ఇగ్లాల్ చూపు రుష్దీ మీదే ఉంది. తల ఊపింది. ఒకసారి కాదు, చిన్నపిల్లలా ఊపుతూనే ఉంది.

"చోటుంది," అంది వహీబా. "ఎక్కు."

దీపం ఆరగానే కరీమాన్ గారు మొహం నిండా శాలువా కప్పుకుని ఏడ్చేసింది. లబీబ్ గారు మాత్రం ఎవరికీ కనపడకుండా కళ్లు తుడుచుకున్నారు.

* * *

శుక్రవారం నమాజు అయ్యాక రుష్దీ వాళ్లమ్మని వెంటబెట్టుకుని ఇగ్లాల్ ఇంటికి వెళ్లాడు. తండ్రి మిద్హత్ ఎఫెందీ ఒకప్పుడు ట్రాముల్లో టికెట్లు తనిఖీ చేసేవాడు. ఇప్పటికీ మనుషుల్ని అలాగే చూస్తాడు. ఆ చూపుకి రుష్దీ చేతులు వాటంతటవే జేబులు తడుముకున్నాయి.

"ఆ జాలరివి నువ్వేనా?"

"నేనేనండి."

"ఊరంతా వింటుండగా నా కూతుర్ని అడిగావు. నన్ను అడగాలనిపించలేదా?"

"అడగడానికే వచ్చానండి. నిన్న... ఆ కాగితంలో ఖాళీ జాలరి పేరు పక్కనే ఉంది, మీ పేరు అందులో లేదు."

రుష్దీ వాళ్లమ్మ కొడుకు తొడ మీద గట్టిగా గిల్లింది. పెద్దాయన మాత్రం కోప్పడలేదు. వంగి మేజోళ్లు సరిచేసుకున్నాడు.

"దాని తల్లి పోయింది," అన్నాడు చివరికి. "ఆ ఉంగరం గొడవ తర్వాత దాన్ని ఎప్పుడు పలకరించినా 'బాగానే ఉన్నాను నాన్నా' అనేది. ఒకటే మాట. మా ఇద్దరి మధ్య మాటల అలవాటు లేదు బాబూ. అందుకని గురువారం కోసం చూసేవాణ్ణి. వహీబా జైల్లో పడితే, ఈ వారం నా పిల్ల బాగా లేదు అనుకునేవాణ్ణి. వహీబా మునిగిపోయినప్పుడు..." రుష్దీ వాళ్లమ్మ వైపు ఒకసారి చూశాడు. "మీ అమ్మ ముందు చెప్పడానికి సిగ్గేస్తోంది. ఆ రాత్రి అది ఇంటికొచ్చాక లేచి వెళ్లి దాని గది తలుపు దగ్గర నిలబడ్డాను. తట్టడానికి చెయ్యి రాలేదు. నిన్న రాత్రి మాత్రం వహీబా నిద్రపోయింది. నేనూ నిద్రపోయాను."

తెర వెనక గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. ఇగ్లాల్ షర్బత్ పళ్లెంతో బయటికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏం చేయాలో తోచక, ముందు ఎవరికివ్వాలో తెలియక, గది మధ్యలో నిలబడిపోయింది.

"కైరోలో శబ్దాల పని ఉంటుందంటావా?" పెద్దాయన రుష్దీని అడిగాడు.

"అక్కడ వానలు తక్కువటండి. ఎవరో ఒకరు కురిపించాలి కదా."

ఇగ్లాల్ ఏడుపులోంచే ఫక్కున నవ్వింది. పళ్లెం వణికి షర్బత్ ఒలికింది. తుడవడానికి వంగబోతే తండ్రి లేచి ఆమె చేతిలోంచి పళ్లెం తీసుకున్నాడు. తన పక్కన సోఫాలో చోటు చేశాడు.

"నేనిస్తాను అందరికీ. నువ్వు కూర్చో తల్లీ," అన్నాడు. "అలిసిపోయావు."

ఇగ్లాల్ కూర్చుంది.