రాత్రిళ్లు నడిచే వ్యాను

ఆ వీధిలో బాగా పొద్దుపోయాక ఎవరూ గేటు తీయరు. బయట ఏ చప్పుడైనా కిటికీ తెర కదులుతుందేమో కానీ తలుపు కదలదు. కారణం ఒకటే... ఆ వ్యాను.

ఒకప్పుడు తెల్లగా ఉండేదట. ఇప్పుడు దాని రంగేమిటో చెప్పడం కష్టం. వెనకవైపు కిటికీల్లేని పొడుగాటి డబ్బా బండి. నంబరు ప్లేటు లేదు. ఎవరిదో తెలియదు. ఒక పొద్దున లేచి చూస్తే వీధి మొదట్లో ఉంది, అంతే. సరే, పాడుబండి, ఒకచోట పడి ఉంటే దాని మానాన అది తుప్పు పట్టేది. కానీ ఇది పడి ఉండే రకం కాదు. రాత్రి టైలరు గేటు ముందు చూసిన బండి, తెల్లారేసరికి డాక్టరు గేటు ముందు ఉండేది. ఇంకో రాత్రి గడిస్తే ఆ పై ఇంటి ముందు. ఇంజను చప్పుడు విన్నవాళ్లు లేరు.

దాని డ్రైవరు స్టీరింగు మీదే తల వాల్చి ప్రాణం వదిలాడని ఒకరన్నారు. పోయినా అతనికి ఇల్లు చేరాలనే ధ్యాస పోలేదని, ఇల్లెక్కడో గుర్తులేక గేటు గేటుకీ ఆగి చూసుకుంటున్నాడని ఇంకొకరన్నారు. నువ్వు చూశావా అంటే మాత్రం అందరూ విన్నవాళ్లే.

దెయ్యం లేదని గట్టిగా వాదించింది ఒక్క సెక్రటరీ గారే. ఆయన పగలు కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు బిగిస్తాడు, సాయంత్రం నుంచి వీధి సంఘానికి సెక్రటరీ. సంఘం వాళ్లు ఏదో ఒకటి అంటగట్టాలని ఆ పదవి అంటగడితే, ఆయన దాన్ని నిజంగానే నెత్తికెత్తుకున్నాడు. వ్యాను గురించి మున్సిపల్ ఆఫీసుకి తిరిగి తిరిగి చెప్పులరిగాయి. అక్కడ ఫిర్యాదు తీసుకోవాలంటే బండి ఏ డోర్ నంబరు ముందుందో చెప్పాలి. ఆయన చెప్పేవాడు. వాళ్లు తీరిగ్గా ఎప్పటికో వచ్చి, ఆ నంబరు ముందు చూసి, బండి లేదని రాసుకుని పోయేవారు. నాలుగిళ్ల అవతల నిలబడి అది వాళ్లనే చూస్తూ ఉండేది. అది వేరే నంబరు, వేరే ఫిర్యాదు.

అందుకే ఆయన మీటింగు పెట్టి కుండబద్దలు కొట్టాడు. దెయ్యం లేదు, గియ్యం లేదు, మీలోనే ఎవరో రాత్రిపూట దాన్ని పక్కింటి ముందుకి తోస్తున్నారు, ఇది పెద్దమనుషులు చేసే పనేనా అన్నాడు. ఒక్కొక్కరి మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. ఆ తర్వాత అందరూ ఒక్కసారే నొచ్చుకున్నారు. పిల్లల మీద ఒట్టేసినవాళ్లూ ఉన్నారు. చివరికి ఇకమీదట దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదని తీర్మానం చేసి, ఏమీ ఎరగనట్టు ఇళ్లకు పోయారు.

ఇంటికొచ్చాక భార్య కూడా ఆయన పక్షం పట్టలేదు. "దెయ్యమేనండీ. అంత బండిని మనుషులెవరు కదిలిస్తారు?" అని తేల్చేసింది.

ఇంతలో సెక్రటరీ తల్లి స్నానాలగదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. అంబులెన్సు వచ్చిన రోజున, ఖర్మ కొద్దీ, వ్యాను వీళ్ల గేటుని ఆనుకుని ఉంది. గేటు బయటికి తెరుచుకునే రకం. మనిషి పక్కకి తిరిగి దూరేంత సందే వచ్చింది కానీ స్ట్రెచరు పట్టలేదు. తీర్మానం ఉంది కదా, పట్టపగలు బండి మీద చెయ్యి వెయ్యడానికి ఎవరూ ముందుకి రాలేదు. ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, ప్రహరీగోడ మీంచి అందించాల్సి వచ్చింది. ఎవరి చెయ్యో జారింది. కుర్చీ ఒరిగింది. అప్పుడు ఆవిడ వేసిన కేక సెక్రటరీకి చెవుల్లోంచి పోలేదు. అద్దాలు బిగిస్తూ బిగిస్తూ చేతులాపేసి కూర్చునేవాడు.

ఆపరేషన్ అయింది. రేపు పొద్దున్నే ఇంటికి పంపిస్తామన్నారు. మధ్యలో వ్యాను వీధంతా ఊరేగి, సరిగ్గా ఆవిడ రావలసిన ముందురోజు తెల్లారేసరికి మళ్లీ వీళ్ల గేటు ముందే తేలింది.

ఆయన ఆఫీసుకి ఫోను చేశాడు. కొత్తగా ఫిర్యాదు పెట్టండి, వీలు చూసుకుని వస్తాం అన్నారు. ఫోను పెట్టేసి చాలాసేపు వ్యానుకేసి చూస్తూ వరండాలో నిలబడ్డాడు. ఆ రాత్రి భార్య, అత్తగారి గది సర్దాలి, అక్కడే పడుకుంటాను అంది. ఆయనకి అదే కావలసింది.

వీధి సద్దుమణిగింది. దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. సెక్రటరీ చెప్పులు చేత్తో పట్టుకుని దొంగలా బయటికొచ్చాడు. పక్కింట్లో దొంగతనానికి పోయినా ఇంత సిగ్గు ఉండేది కాదు... తన తీర్మానాన్ని తనే కాలరాయబోతున్నాడు.

గేటు గడియ మీద చెయ్యి వేశాడు. గడియ తీసే ఉంది.

తనే వేశాడు కదా పడుకోబోయే ముందు... వేశాడా? సందులోంచి పక్కకి తిరిగి బయటపడ్డాడు. వ్యాను తలుపు మెల్లగా లాగి, లోపలికి వంగి, హ్యాండ్ బ్రేకు కోసం తడిమాడు. అది కిందికి దించి ఉంది. చక్రం కింద రాయి కోసం వంగాడు. రాయి పక్కకి తీసి ఉంది.

అంటే... బండి బయల్దేరడానికి సిద్ధంగా ఉంది.

దెయ్యం లేదని మీటింగులో చెప్పడం వేరు, ఇక్కడ చెప్పడం వేరు. అయినా చప్పుడు కాకుండా వెనక్కి నడిచి, రెండు చేతులూ ఆనించి తోశాడు. వ్యాను కదిలింది. జానెడు... మూరెడు...

ఆగింది.

మళ్లీ తోశాడు. అది ఆగడమే కాదు — వెనక్కి వస్తోంది. ఆయన మీదికే వస్తోంది. కాళ్లు తన్నిపెట్టి, భుజం ఆనించాడు. అటునుంచి ఎవరో అంతే పట్టుగా నెడుతున్నారు. డబ్బాకి చెవి తగిలింది. ఆ చివర... ఊపిరి. రొప్పుతున్న ఊపిరి.

పారిపోవాలనిపించింది. నిజంగానే ఒక కాలు వెనక్కి వేశాడు. అప్పుడు ఆ కేక చెవిలో మోగింది, గోడ మీద ఒరిగిన కుర్చీ కళ్ల ముందుకొచ్చింది. కాలు మళ్లీ ముందుకి పెట్టాడు.

"నువ్వెవరైనా సరే..." అన్నాడు బండితోనే. "పొద్దున మా అమ్మ ఇంటికొస్తోంది. ఇంకోసారి గోడ దూకించలేను. నీకు దణ్ణం పెడతాను... దారివ్వు."

నెట్టడం ఆగింది.

ఆ చివరి నుంచి చిన్న గుసగుస.

"ఏమండీ... మీరా?"

చీరకొంగు నడుముకి దోపుకుని, జుట్టు చెదిరి, ఆయన భార్య వ్యాను చాటునుంచి తొంగిచూసింది. గేటు కదిలిన అలికిడికి ముందు చక్రం చాటున నక్కిందట, బండి మీదికి రాగానే తిరిగి నెట్టిందట. ముందు తేరుకున్నది ఆవిడే, ఆయన తప్పు ఆయనకే ఎత్తిచూపడానికి.

"తీర్మానం చేసింది మీరు కదండీ?"

"మరి బ్రేకు దించింది నువ్వా? ఎలా దించాలో నీకెలా తెలుసు?"

ఆవిడ కొంగు మళ్లీ బిగించి దోపుకుంది. ఇవాళ కాదు కదా, ఎప్పటికీ ఆ జవాబు చెప్పదని ఆయనకి అర్థమైంది. అంత రాత్రి, అంత గాభరాలో ఆయనకి నవ్వొచ్చింది.

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఎటు తొయ్యాలనే దగ్గర పేచీ వచ్చింది. ఎడమపక్క, రిటైరైన ఇంజనీరు గారి ఇంటికేసి అని ఆయన. ఇంజనీరుకి బండీ లేదు, గుండీ లేదు, గేటుకి అడ్డమైనా నష్టం లేదు. వీల్లేదంది భార్య. రోజూ ఆస్పత్రికి వచ్చి అత్తయ్య పక్కన కూర్చుని పేపరు చదివిపెట్టింది ఆ ఇంటావిడే, ఆవిడ గుమ్మంలో ఈ శని పెట్టడానికి చేతులెలా వస్తాయి? కుడిపక్క ఫొటోగ్రాఫరు ఇంటి ముందుకే పోవాలి, మీ అత్తగారి మందుల వాసనొస్తోంది మీ కిటికీ మూసుకోండి అన్న మహాతల్లి ఇల్లది. ఫొటోగ్రాఫరు ఊరుకోడు, రేపే మీటింగు పెట్టి నన్ను నిలదీస్తాడని ఆయన. మీకు మీ సెక్రటరీగిరీ ముఖ్యమా అని ఆవిడ. ఎడమ, కుడి, ఎడమ, కుడి... చేతులూపుకుంటూ, పళ్ల బిగువున, గుసగుసల్లోనే ఇల్లూ వాకిలీ పాత లెక్కలూ అన్నీ తవ్వుకున్నారు.

అలిసిపోయి ఆవిడే అంది. "ఒక్కళ్లం తోస్తే పక్కిల్లే దిక్కు. ఇద్దరం ఉన్నాం కదండీ... చివరిదాకా తోద్దాం."

ఆయన కిటికీలోంచి ఒక చెయ్యి స్టీరింగు మీద వేసి తోశాడు, ఆవిడ వెనకనుంచి తోసింది. వ్యాను బుద్ధిగా ఇళ్లన్నీ దాటుకుంటూ, వీధి చివర మూతపడ్డ గోడౌను గోడ పక్కకి చేరింది. ఇన్నాళ్లుగా ఎవరికీ తట్టని పని. ఆ గోడకి డోర్ నంబరు లేదు కాబట్టి ఇక ఏ జన్మకీ ఫిర్యాదు పెట్టడానికి ఉండదని సెక్రటరీ మనసు ఒక్క క్షణం చివుక్కుమంది. భార్య చెయ్యి పట్టుకుని ఇంటికి నడుస్తుంటే అదీ పోయింది. ఇంత ముచ్చటగా ఇద్దరూ కలిసి ఒక పని చేసి ఎన్నేళ్లయిందో అనుకున్నాడు.

పొద్దున అంబులెన్సు తిన్నగా వచ్చి గేటు దగ్గర ఆగింది. గేటు బార్లా తెరుచుకుంది. స్ట్రెచరు ఎక్కడా తగలకుండా, ఒరగకుండా, గది దాకా వెళ్లిపోయింది. మళ్లీ గోడ దాటిస్తారేమోనని కళ్లు గట్టిగా మూసుకున్న తల్లి మెల్లగా తెరిచింది.

"అప్పుడే వచ్చేశామా నాన్నా?"

ఆయన అవునన్నట్టు తలూపాడు.

వీధి జనం ఒకరొకరే పలకరించడానికి వచ్చారు. వచ్చినవాళ్ల కళ్లన్నీ ఖాళీగా ఉన్న గేటు ముందే. అందరూ వెళ్లాక ఇంజనీరు గారు ఆగి, సెక్రటరీని, కాఫీ కప్పు పట్టుకొచ్చిన ఆయన భార్యని దగ్గరికి పిలిచాడు. గొంతు బాగా తగ్గించాడు.

"మీరు నమ్మరు కానీ, రాత్రి మేడమీంచి కళ్లారా చూశాను. ఇన్నాళ్లూ దెయ్యం ఒకటే అనుకున్నాం... రెండున్నాయి. ఒకటి మగది, ఒకటి ఆడది."

అవి ఏమైనా అన్నాయా అని సెక్రటరీ అడిగాడు.

"మాటలు వినపడలేదు. అయినా పోల్చుకున్నాను, మొగుడూ పెళ్లాలే." ఇంజనీరు గారు కప్పు అందుకుని, ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "గొంతు పైకి లేవకుండా అంతసేపు పోట్లాడుకోవడం ఇంకెవరి వల్లవుతుంది?"