అన్నను కోట దించిన రొట్టె

సేనాపతి యిద్దర్ శత్రువు కత్తికి పడలేదు. చెల్లెలి చేతి రొట్టెను నమ్మి కోట దిగాడు, ఆ దిగడమే దిగడం. ఆ రొట్టె వెనుక ఏముందో చెల్లెలు లల్లా జోహ్రాకు తెలియదు. తెలియకపోవడం ఆమెకు ఏనాడూ ఊరట కాలేదు.

ఆనాటి ఫెజ్ నగరం, కొండల నడుమ లోయలో, పచ్చపెంకుల మసీదులతోనూ సున్నపు మిద్దెలతోనూ కిక్కిరిసి, ఒక్క నది మీద ఆధారపడి బతికేది. ఆ నీరే ఖరవీన్ మసీదు తొట్లలో నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూకు, వీధి కుళాయిలలో దాహానికి, రంగులవాళ్ళ గుంటలలో పసుపుగానూ కుంకుమగానూ మారడానికి, చివరకు తోళ్ళు పదును చేసేవాళ్ళ తొట్లలో కంపు కొట్టడానికి వీధివీధికీ పంచబడేది. రాగిపాత్రల బజారులో సుత్తుల మోత, మసాలా అంగళ్ళలో దాల్చినచెక్క వాసన, ఇద్దరు పక్కపక్కన నడవలేని సందులలో కంచరగాడిదల వెనుక "బాలక్! బాలక్!" అంటూ తప్పుకోమని అరిచే తోలేవాళ్ళు, ఇవన్నీ ముట్టడి మొదలయ్యాక కూడా ఆగలేదు. ఉత్తరపు కొండ మీద సుల్తానుకు జ్ఞాతి, తిరుగుబాటుదారు అయిన అమీర్ వాన్సర్ గుడారాలు ఆలివ్ తోటల దాకా పరుచుకుని ఉన్నా, నగరం నిబ్బరంగానే ఉంది. కారణం ఒకటే. నది నగరంలోకి దిగే చోట నీటి కోట ఉంది. దానిని యిద్దర్ కాస్తున్నాడు. కోట ఎవరిదో నీళ్ళు వాళ్ళవి, నీళ్ళు ఎవరివో నగరం వాళ్ళది.

ఆయన చెల్లెలు జోహ్రా వజీరు అబ్బాద్ భార్య. ఆ నగరంలో ఎంత గొప్పింటివారైనా రొట్టె ఇంట్లో కాల్చరు. పిండి పిసికి, పలక మీద పేర్చి, వీధి పొయ్యికి పంపుతారు. వందల ఇళ్ళ రొట్టెలు ఒకే నిప్పులో కాలతాయి గనుక కలిసిపోకుండా ప్రతి ఇంటికీ ఒక చెక్కముద్ర ఉంటుంది. జోహ్రా ముద్ర ఆమె పుట్టింటిది, తల్లి చేతి నుంచి వచ్చినది, చుట్టూ రేకులున్న చిన్న నక్షత్రం. ప్రతి శుక్రవారం ఆ ముద్ర వేసిన రొట్టెలు కోటకు వెళ్ళేవి. ముట్టడి మొదలైన నాడు యిద్దర్ ఆమెతో అన్నాడు:

"చెల్లీ, ఈ దర్బారులో రాజముద్రను కూడా దొంగిలించగలవాళ్ళున్నారు. నగరం నుంచి ఎవడు ఏ కబురు తెచ్చినా, వెంట నీ రొట్టె ఉంటేనే నమ్ముతాను. నీకు తెలియని కబురు నాకు అక్కర్లేదు."

ఆ మాట జోహ్రా భర్తకు చెప్పింది. గర్వంగా చెప్పింది. తప్పు అక్కడ జరిగింది.

ఒక గురువారం వజీరు అబ్బాద్ స్వయంగా వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. లోపల ముసలి వంటమనిషి మబ్రూకా పావురపు మాంసం, బాదం పప్పు కలిపి, పలచని పొరల మధ్య మడతలు పెడుతోంది. అతడిని చూసి తల వంచుతూనే గొణిగింది: "వజీరులవారు వంటింటికి వచ్చారంటే రాజ్యంలో ఏదో మాడుతున్నట్టే."

అబ్బాద్ నవ్వాడు. "మాడేది కాదు మబ్రూకా, పండేది. జోహ్రా, నీ అన్నకు సుల్తానులవారు గౌరవాంగీ ప్రసాదించ నిశ్చయించారు. రేపు జుమా నమాజు తరువాత దర్బారుకు రమ్మని ఆజ్ఞ. నా మనిషి కబురు తీసుకువెళతాడు. నువ్వు రొట్టె పంపాలి."

"సిదీ, దొరా, కోట విడిచి కదలరాదని ఆయనకు సుల్తానులవారి ఆన ఉంది. ఆయన దిగి వస్తే కోట కాసేదెవరు?"

"ఒక్క పూట అతడి కింది హమ్ము సర్దార్ కాయలేడా? ఆన పెట్టినవారే దానిని సడలించారు. నీ అన్న పేరు మసీదు ముంగిట వినాలని నీకు లేదా? నీ తల మీద ఒట్టు, ఇందులో నా స్వార్థం ఏమీ లేదు."

పదేళ్ళ కాపురంలో అతడు ఆమె తల మీద ఒట్టు వేయడం అదే మొదలు. అందుకే నమ్మింది. సోంపు, నువ్వులు వేసి పిండి పిసికి, ముద్ర వేసి, పంపింది.

శుక్రవారం మధ్యాహ్నం ఇంటింటా కుస్కుస్ గోధుమరవ్వ ఆవిర్లు లేస్తుండగా హమ్ము సర్దార్ దొడ్డిదారిన జోహ్రా ఇంట్లోకి వచ్చాడు. భుజాన కత్తి గాయం. కూర్చోమన్నా కూర్చోలేదు.

"లల్లా, దొరసానీ, మీ రొట్టె బాగుంది. ఆయన సగం విరిచి నాకు పెట్టారు కూడా."

"కోటలో ఉండవలసినవాడివి, ఇక్కడేం చేస్తున్నావు?"

"ఒంటరిగా పంపబుద్ధి కాక నేనే వెంట వచ్చాను. తోళ్ళవాళ్ళ సందులో మా ముందు తలుపు మూశారు, వెనుక తలుపు మూశారు. పట్టుకున్నది ఎవరనుకున్నారు? మీ వారి భటులు. నేను దెబ్బ తిని తప్పించుకుని, జనంలో కలిసి వెంట వెళ్ళాను. ఆయనను సుల్తాను ఎదుట నిలబెట్టారు. 'యిద్దర్ అమీరుతో బేరమాడుతున్నాడు, నేడు మీ ఆన మీరి కోట దిగుతాడు చూడండి' అని మీ వారు ముందే చెప్పి ఉంచారట. చెప్పినట్టే దిగాడు కదా!"

"ఎందుకు దిగాడో అన్న చెప్పలేదా?"

హమ్ము ఆమె ముఖంలోకి చూశాడు. "సుల్తాను ముమ్మారు అడిగారు, ఎవరు పిలిస్తే వచ్చావని. ఆయన నోరు విప్పలేదు. మీ పేరు చెబితే ఆ నేరంలో మీ తల కూడా పోతుంది. ఒక్కటే అన్నారు: 'ప్రభూ, నేను మీ ఉప్పు తిన్నాను. దానికి ద్రోహం చేయలేదు. ఇంతకు మించి చెప్పను.' అంతే. తలను సంత ద్వారానికి వేలాడదీశారు. ద్రోహి అని దండోరా వేస్తున్నారు, వినబడటం లేదూ?"

వినబడుతూనే ఉంది. జోహ్రా ఏడవలేదు. ఏడుపు తరువాత కూడా ఏడవవచ్చు. అన్న చావుతో ఈ పని ముగిసిందా, ఇంకా ఉందా అని ఆమె ఆలోచించింది.

"కోటకు ఇప్పుడెవరిని నియమించారు?"

"మీ వారినే. పొద్దు వాలే ముందరి అసర్ నమాజు తరువాత సొంత భటులతో బయలుదేరుతున్నారు."

"ఆయనకు గుర్రం మీద సరిగా కూర్చోవడమే రాదు. పదవి కోసమే అన్నను చంపించి ఉంటే కోటకు ఇంకెవరినైనా పంపేవాడు. తానే వెళుతున్నాడంటే, కాయడానికి కాదు. అమీరుకు అప్పగించడానికి. పద, మనం ముందు చేరాలి."

"మిమ్మల్ని ఇంకా ఎలా నమ్మమంటారు లల్లా? నిన్నటి మీ మాటకు నా దొర చచ్చాడు."

"నమ్మవద్దు. నన్ను కోటలోకి తీసుకుపోయి తలుపు వేసుకో. నాది అబద్ధమైతే మీ చేతిలోనే ఉంటాను, కత్తి మీ దగ్గరే ఉంటుంది."

ఆమె పనిమనిషి ముసుగు కప్పుకుని, పిండి పలక నెత్తిన పెట్టుకుని వీధిలోకి నడిచింది. పొయ్యికి వెళ్ళే ఆడమనిషిని ఆ నగరంలో ఎవరూ ఆపరు. సంత ద్వారం కింద జనం ముక్కు మూసుకుని పోతున్నారు. చూడకుండా పోవడం పిరికితనమనిపించి, జోహ్రా తలెత్తి అన్న ముఖం చూసింది. మళ్ళీ నడిచింది.

నీటి కోటలో సైనికులు ఆమెను చూసి పళ్ళు కొరికారు. ఆమె పలక దింపి, ముసుగు తీసి, వాళ్ళ నడుమ నిలబడి చెప్పింది:

"మీ దొరను పిలిచిన రొట్టె నాది. మోసం నాది కాదు, కానీ చేయి నాది. ఈ సంగతి సుల్తాను ఎదుట ఆయన నా కోసం దాచాడు. నేను దాచను. మీలో ఎవరికి నన్ను నరకాలని ఉన్నా రేపు నరకండి. ఇవాళ మాత్రం ఈ తలుపు తీయకండి. ఇది తెరుచుకుంటే యిద్దర్ ద్రోహి అన్న మాట నిజమైపోతుంది. మూసి ఉంటే, ద్రోహి ఎవరో నగరమంతా తన కళ్ళతో చూస్తుంది."

హమ్ము వెళ్ళి అడ్డుగడియ వేశాడు.

అసర్ నమాజు ముగిసింది. వజీరు అబ్బాద్ తెల్లని తలపాగాతో, తన భటులతో కోట ముందరి బయలు ఏటవాలుకు చేరాడు. అదే వేళకు, కుదుర్చుకున్న ప్రకారం, అమీరు సేన ఒకటి జెండాలతో కొండ దిగింది. తలుపు తీసి ఉండవలసింది. తీసి లేదు.

"లోపలివారు ఎవరు? సుల్తాను నియమించిన దుర్గాధిపతిని, తలుపు తీయండి!"

గోడ మీద నుంచి జోహ్రా వంగి చూసింది. "సుల్తాను నియమించిన దుర్గాధిపతికి అమీరు జెండాలు తోడు వచ్చాయేమిటి సిదీ?"

అబ్బాద్ గొంతు తగ్గించాడు. "జోహ్రా! నువ్వా? పిచ్చిపని చేయకు. రేపటి నుంచి ఈ నగరానికి రాజు వేరు, నేను మాత్రం నేనే. నువ్వు ఎప్పటిలా మహారాణిలా ఉంటావు."

"గట్టిగా చెప్పండి. వెనక వాళ్ళకు వినబడటం లేదు."

నగరపు గోడల మీద అప్పటికే జనం మూగారు. సుల్తాను మనుషులూ ఉన్నారు. వజీరు పక్కన తిరుగుబాటు జెండాలు ఎగురుతుంటే వాళ్ళకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. హమ్ము చేయి ఎత్తాడు, కోట నుంచి బాణాలు కురిశాయి. దాపు లేని ఆ ఏటవాలులో అమీరు సేనాని, వజీరు తమను కావాలనే ఉచ్చులోకి తెచ్చాడనుకున్నాడు. "ద్రోహి!" అని అరుస్తూ ఈటెలు అతడి వైపు తిప్పించాడు.

అబ్బాద్ పరుగున వచ్చి కోట తలుపు మీద పడ్డాడు. తలపాగా విప్పి గడప మీద పరిచాడు. ఆ దేశంలో తలపాగాను గడప మీద వేసి శరణన్నవాడు తండ్రిని చంపినవాడైనా, ఆ ఇంటివారు కాపాడి తీరాలి. కాదంటే ఏడు తరాలు తలెత్తుకోలేరు. కోటలోని సైనికులకే చేతులు ఆడలేదు.

"లల్లా," అన్నాడు హమ్ము, "తలపాగా వేశాడు. తీయకపోతే ఆ పాపం మనది."

"జోహ్రా! నీ గడప మీద ఉన్నాను! శరణు!"

అతడి వెనుకే ఈటెలు వస్తున్నాయి. తలుపు తీస్తే అతడొక్కడే రాడు. ఒకవేళ ఒక్కడే వచ్చే వీలున్నా తీసేదా? ఆ ప్రశ్న జోహ్రా తనను తాను అడుక్కుంది. జవాబు దొరికింది.

"పాపం మీది కాదు హమ్మూ, నాదే. అందరూ వినండి. మా అన్న పేరు ద్రోహి అని ఏ వీధుల్లో పలికారో, ఆ వీధుల్లోనే మళ్ళీ నిలబడేదాకా ఈ తలుపు ఎవరికీ తెరుచుకోదు."

బయట అబ్బాద్ కేక ఒకటి వినబడి ఆగిపోయింది. అప్పటికి సుల్తాను అశ్వదళం సంత ద్వారం నుంచి దూసుకువచ్చింది. అమీరు సేన పొద్దు వాలేలోగా కొండ అవతలికి చెదిరిపోయింది.

మరునాడు సుల్తాను పరివారంతో, కానుకలతో వచ్చి కోట ముందు నిలిచాడు. యువకుడు, అభిమానధనుడు.

"లల్లా జోహ్రా, మా రాజ్యాన్ని నిలిపావు. తలుపు తీయించు. నీకు భవనం, పల్లెలు ప్రసాదిస్తున్నాము."

"ప్రభువులకు జయం. ఈ కోట మీది, ఈ నీళ్ళు మీవి, మేము మీ సేవకులం. కానీ మా అన్న తల ఇంకా మీ ద్వారానికి వేలాడుతోంది. ఆయనను కోట దించిన రొట్టె నాది. అది చెబితే నేను చస్తానని ఆయన చెప్పకుండా చచ్చాడు. ప్రభువులు మూడుసార్లు అడిగారే గానీ ఒక్క పూట ఆగలేదు. ఆ తలను మీ చేతులతో దింపించండి. ద్రోహి అని అరిచిన దండోరావాళ్ళ చేతనే విధేయుడని అరిపించండి. ఆ తరువాత తలుపు తీస్తాను, నన్ను ఏం చేసినా సరే."

"మాకే షరతులా? ముందు తలుపు తీయి, సాయంత్రానికల్లా అది జరుగుతుంది. రాజుగా మాట ఇస్తున్నాము."

"మాట నమ్మే కదా ప్రభూ ఇంత జరిగింది."

సుల్తాను గుర్రం తిప్పుకుని వెళ్ళిపోయాడు. రోజులు గడిచాయి. కోటలో ధాన్యం అడుగంటింది, ఆలివ్ కాయలూ ఊరవేసిన నిమ్మకాయలూ మిగిలాయి. నీళ్ళు ఆపితే సుల్తాను ఒక్క పూటలో దారికి వస్తాడని హమ్ము సలహా చెప్పాడు.

"ఆ నీళ్ళు తాగేది సుల్తాను ఒక్కడే కాదు," అంది జోహ్రా. "యిద్దర్ కాసిన నీళ్ళు అవి. ఒక్క చుక్క ఆపడానికి వీల్లేదు."

పెద్దలు వచ్చారు, ఖాజీ వచ్చాడు. ఆడదానికి ఇంత పట్టుదల తగదన్నారు, శరణన్న మగడిని కాదన్నది ఇక దేనికి వెరుస్తుందన్నారు. ఆమె గోడ మీద నుంచి అన్నీ విని, అందరికీ ఒకే మాట చెప్పింది. నీళ్ళు మాత్రం ఎప్పటిలాగే లోయలోకి దిగుతూనే ఉన్నాయి.

చివరకు నగరమే సుల్తానును వంచింది. ఆమె ఆపగలిగీ ఆపని నీళ్ళు తాగుతున్నామని రాగిపనివాళ్ళు, రంగులవాళ్ళు, తోళ్ళవాళ్ళు గుంపులుగా దర్బారు ముంగిట కూర్చున్నారు. ఆ శుక్రవారం నమాజు ముగిశాక వీధివీధినా దండోరా లేచింది: "యిద్దర్ విధేయుడు! యిద్దర్ ఉప్పు నిలబెట్టినవాడు!" ద్వారం నుంచి దింపిన యిద్దర్ తలను ఉంచి, ఆకుపచ్చ వస్త్రం కప్పిన పాడెను భుజాల మీద ఎత్తుకుని జనం ఏటవాలు ఎక్కారు. ముందర సుల్తాను కాలినడకన వస్తున్నాడు.

హమ్ము గడియ తీయబోతే జోహ్రా ఆపింది. పాడె గడప దాకా వచ్చేవరకు ఆగి, అప్పుడు తన చేతులతో తీసింది.