పిలిచారా?

మంగినపూడి దాటాక చవిటి నేల మీద చేపలవాళ్ల సంఘం గది ఒకటుంది. రేకుల కప్పు, ఒకే కిటికీ, బల్ల మీద పాత కంప్యూటరు. గదినిండా ఎండు చేపల వాసన, డీజిలు వాసన. అయిదో తరగతితో చదువాపేసిన వీరదుర్గకి ఆ కంప్యూటర్లో తెలిసింది ఒక్క మీటే. గాలి తిరిగిందంటే దాన్ని నొక్కాలి.

అదంతా అమర్చింది ఆమె కూతురు సుమ. గుడివాడలో ఇంజనీరింగ్ చదువుతోంది. ఊళ్లో ఒక్క మనిషి నడుపుకునే చిన్న బోట్లు ఆరుంటే, బోటుకో పెట్టె బిగించింది. మీట నొక్కితే "రండి" అన్న పిలుపు అన్ని పెట్టెలకీ ఒకేసారి వెళ్తుంది. విన్న పెట్టె "వస్తున్నాను" అంటుంది. ఎంతసేపటికీ పిలుపు అందకపోతే "పిలిచారా?" అని అదే అడుగుతుంది.

"ఇందులో ఎవరి పేరూ ఉండదేంటే?" అంది వీరదుర్గ అప్పట్లో.

"వేటకెళ్లినోళ్లని ఒడ్డు నుంచి పేరుపెట్టి పిలవకూడదని నువ్వేగా చెప్పావు! అందుకే పేరు లేని పిలుపు పెట్టాను. ఎవరు వింటే వాళ్లదే."

కిందటి కార్తీకంలో తుఫాను ముందు వీరదుర్గ ఆ మీటే నొక్కింది. అయిదు బోట్లు తిరిగొచ్చాయి. ఆరోది రాలేదు. అది ఆమె తమ్ముడు ఏడుకొండలుది. ఒడ్డెక్కుతూనే చొక్కా అంచు పిండుకుంటూ "అక్కా, గంజి ఉందా?" అనేవాడు. శవం కూడా దొరకలేదు.

ఆడపిల్ల చేసిన ఆటబొమ్మని నమ్ముకుంటే ఇంతేనని ఊరంతా సుమని ఆడిపోసుకుంది. అందరికంటే గట్టిగా అరిచింది కన్నతండ్రి కొండలరావే. ఏడుకొండలుకి దక్కాల్సిన కులపెద్ద కుర్చీలో ఇప్పుడు కూర్చున్నదీ అతనే.

ఇవాళ మధ్యాహ్నం మూడింటికే ఆకాశం మసిబట్టిన దాకలా అయింది. సెలవులకొచ్చిన సుమ లాప్‌టాప్ తెరిచి, గాలిలో ఏయే పిలుపులు తిరుగుతున్నాయో చూస్తోంది. తన తప్పేంటో తేల్చుకోవాలని దాని పంతం.

ఉన్నట్టుండి దాని వేళ్లు ఆగిపోయాయి.

"అమ్మా... ఇటు చూడు."

తెర మీద ఒకటే మాట, వరసగా.

ఆరు: పిలిచారా?

ఆరు: పిలిచారా?

"ఆరంటే..."

"మావయ్య పెట్టె."

"అది నీళ్లలో పోయింది కదే?"

"దాని బ్యాటరీ ఒక్కరోజు వస్తుందమ్మా. పదకొండు నెలలైంది."

రేకుల మీద టప్పున చినుకు పడింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"మరి ఆ రోజు మన పిలుపెందుకు వినలేదు?"

సుమ తెర మీద ఒక అంకె దగ్గర వేలు పెట్టింది. "ప్రతి పెట్టే ఒక గుమ్మం దగ్గర కూర్చుని వింటుందనుకో. అన్నిటికీ గుమ్మం నంబరు 5050 అని పెట్టాను. మావయ్యది 5051 దగ్గరుంది. మనం పక్క గుమ్మంలో పిలిచాం. ఎవరో మార్చారమ్మా. దాన్ని మార్చాలంటే పాస్‌వర్డ్ కావాలి, అది నీకూ నాకే కదా తెలుసు?"

వీరదుర్గకి గుర్తొచ్చింది. తుఫాను ముందురోజు... "ఏమే, మా బావమరిది పెట్టెకి చార్జింగ్ పెడతాను, ఆ పాస్‌వర్డేదో చెప్పు" అన్నాడు కొండలరావు. ఇరవై రెండేళ్ల కాపరంలో ఆమెకి "ఏమే" తప్ప వేరే పేరు లేదు. చార్జింగ్‌కి పాస్‌వర్డ్ ఎందుకని ఆమె అడగలేదు. మొగుణ్ణి ఎవరడుగుతారు?

"నేనే చెప్పానే" అంది మెల్లగా. "మీ నాన్నకి."

సుమ ఏడవలేదు. లేచి సంఘం కంప్యూటరు ముందుకెళ్లింది.

గాలి కిటికీ రెక్కని కొట్టింది. అయిదు బోట్లు నీళ్ల మీదున్నాయి. సుమ మీట నొక్కింది. ఒకటి: వస్తున్నాను. రెండు, మూడు, నాలుగు. చివరికి అయిదు... కొండలరావు బోటు.

"ఆ రెండో గుమ్మంలో కూడా పిలువు" అంది వీరదుర్గ.

"వద్దమ్మా! ఆ పెట్టెలో కరెంటు లేదు. మరి అడుగుతున్నదెవరు?"

"ఎవరైతేనేం. ఏడాదిగా గుమ్మంలో నిలబెట్టాం."

సుమ చెయ్యి కదల్లేదు. వీరదుర్గే గుమ్మం నంబరున్న చోట ఒక్కో అంకే వెతుక్కుంటూ 5051 కొట్టింది. నొక్కింది.

వాన చప్పుడు ఆగిపోయినట్టయింది. గదిలోకి కుళ్లిన నాచు వాసన...

ఆరు: వస్తున్నాను.

తర్వాత ఏమీ లేదు.

నాలుగు బోట్లు ఒడ్డెక్కాయి. చాలాసేపటికి అయిదోది వచ్చింది. కొండలరావు దిగాడు. అదే గళ్ల లుంగీ. అదే నడుము వంపు. మనుషులు పలకరిస్తున్నా వినకుండా తిన్నగా సంఘం గదికి నడిచాడు. గుమ్మంలో ఆగాడు. లోపలికి రాలేదు. చొక్కా అంచు పట్టుకుని నెమ్మదిగా పిండుకున్నాడు.

"అక్కా... గంజి ఉందా?"

వీరదుర్గ ఒక్కడుగు ముందుకేసింది. వెనక నుంచి సుమ ఆమె చీర కొంగు పట్టుకుంది.

"అమ్మా..." గుసగుసగా అంది. "తెర చూడు."

అయిదు: పిలిచారా?

అయిదు: పిలిచారా?

పక్కనే గుమ్మం నంబరు. 5051.